డ్రోన్ ఎక్కడ ఎగరవచ్చో పొలం గట్టు మీదే తెలియాలి

సంపాదకులకు,

అయ్యా,

నేను ముప్పయ్యేళ్ళకు పైగా భూమి కొలిచే ఉద్యోగం చేసి, మండల సర్వేయరుగా పదవీ విరమణ పొంది, ఇప్పుడు తూర్పు గోదావరి జిల్లాలో మా ఆరెకరాల వరి సాగు చూసుకుంటున్నాను. గత రబీలో మా పొలంలో జరిగిన ఒక సంఘటన గురించి, దాని వెనుక ఉన్న లోపం గురించి మీ పత్రిక ద్వారా పాఠకులకూ అధికారులకూ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నయ్య కొడుకు డ్రోన్ పైలట్ శిక్షణ పూర్తిచేసి, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకొని, బ్యాంకు రుణంతో పది లీటర్ల ట్యాంకు ఉన్న పిచికారీ డ్రోన్ కొన్నాడు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ రైతులు అతన్ని పిలుస్తారు. కూలి మనిషి వీపున స్ప్రేయరు తగిలించుకొని, మోకాలి లోతు బురదలో, మందు గాలి పీలుస్తూ గంటకు పైగా చేయాల్సిన ఎకరం పని ఆ యంత్రంతో పది నిమిషాల్లో పూర్తవుతుంది. ఫిబ్రవరి చివరి వారంలో పైరు ఈనిక దశలో ఉండగా మా ఆయకట్టులో మెడవిరుపు కనిపించింది. వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగితే ఆ కంకిలో తాలు తప్ప గింజ మిగలదు కాబట్టి, ఈ తెగులుకు ఈరోజు కొట్టాల్సిన మందు నాలుగు రోజుల తర్వాత కొడితే ప్రయోజనం ఉండదని వరి పండించే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆ రోజు తెల్లవారుజామునే మావాడు ఫోనులో ప్రభుత్వ గగనతల పటం తెరిచి చూశాడు. మా పొలాలు ఆకుపచ్చగా, అంటే అనుమతి అడగకుండానే ఎగరవేయవచ్చన్నట్లు ఉన్నాయి. ఆ తెరను ఫొటో తీసి పెట్టుకున్నాడు కూడా. డ్రమ్ములో మందు కలిపి, రెండెకరాలు కొట్టి, బ్యాటరీలు మార్చి మూడో ఎకరం మొదలుపెట్టేసరికి కాలువ గట్టు మీద మోటారు సైకిల్ ఆపి ఇద్దరు కానిస్టేబుళ్ళు చేతులు ఊపారు. ఒక ప్రముఖుడి పర్యటన దృష్ట్యా ఆ ప్రాంతంలో మూడు రోజులపాటు డ్రోన్లు ఎగరవేయరాదన్న ఉత్తర్వు ఉందని చెప్పారు. మావాడు తన ఫోనులోని పటం చూపించాడు. వారిలో పెద్దవాడు దాన్ని శ్రద్ధగానే చూసి, ‘బాబూ, నీ ఫోనులో పచ్చగా ఉంది, కాదనను. నా ఫోనులో ఉత్తర్వు ఉంది. నేను దేన్ని పట్టుకొని పోవాలి?’ అని అడిగాడు. డ్రోన్‌నూ రిమోట్‌నూ స్టేషనుకు తీసుకెళ్ళి, మూడో రోజు సాయంత్రం కాగితం రాయించుకొని తిరిగి ఇచ్చేశారు. కేసు పెట్టలేదు, కసురుకోలేదు. ఆ స్టేషను పేరు రాయవలసిన అవసరం కూడా నాకు కనిపించడం లేదు, ఎందుకంటే వారు తమకు వచ్చిన ఆదేశాన్నే పాటించారు. కానీ డ్రమ్ములో కలిపిన మందు ఆ రాత్రికే పనికిరాకుండా పోయింది. మా పక్క చేను ఒక కౌలు రైతుది. అతని వంతు ఆ రోజు మధ్యాహ్నం రావలసింది, నాలుగో రోజుకు గానీ రాలేదు. కోత నాటికి ఆ చేలో తెల్లకంకులు గట్టు మీద నుంచే లెక్కపెట్టేటట్లు కనిపించాయి.

ఇంటికి వచ్చాక నేను 2021 నాటి డ్రోన్ నియమావళిని మొదటి నుంచి చివరి వరకు చదివాను. ఉద్యోగంలో ఉండగా సర్వే నిబంధనలు చదివిన అలవాటు కొంత అక్కరకొచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 25న అమల్లోకి వచ్చిన ఈ నియమాలు అంతకు ముందున్న వాటికంటే చాలా సరళమైనవని ఒప్పుకోవాలి. 2014 అక్టోబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక ప్రకటనతో పౌరులు డ్రోన్లు వాడటాన్నే ఆపేసింది. 2018 డిసెంబరు నుంచి షరతులతో అనుమతించినా, ఎగిరే ప్రతిసారీ ముందస్తు అనుమతి కావలసి వచ్చేది. 2021 మార్చిలో వచ్చిన నిబంధనల్లో 25 రకాల ఫారాలు, 72 రకాల రుసుములు ఉండేవి. ఆగస్టు నాటి నియమాలు ఫారాలను 5కు, రుసుములను 4కు తగ్గించాయి. ఆ మార్పు రాకపోతే మా అన్నయ్య కొడుకు వంటి పల్లెటూరి కుర్రవాడు ఈ పనిలోకి వచ్చేవాడే కాదు.

ఆ నియమాల ప్రకారం దేశంలోని ఆకాశం మూడు రంగుల మండలాలుగా ఉంటుంది. ఆకుపచ్చ మండలంలో భూమి నుంచి 400 అడుగుల ఎత్తు వరకు, అంటే 120 మీటర్ల వరకు, ఎవరి అనుమతీ అడగనక్కర లేకుండా ఎగరవేయవచ్చు. పసుపు మండలంలో ఆ ప్రాంతపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉంటే తప్ప ఎగరరాదు. వీటిని చూపించే పటాన్ని పౌర విమానయాన శాఖ 2021 సెప్టెంబరు 24న డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై అనే ఆన్‌లైన్ వేదికలో అందరికీ అందుబాటులో పెట్టింది. ఎగరవేసే ముందు ప్రతిసారీ ఆ వేదికను చూసి, తాను ఎగరవేయబోయే చోట ఏవైనా ఆంక్షలు ఉన్నాయేమో సరిచూసుకోవడం పైలట్ విధి అని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. నిబంధనలు ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. ఈ విధిని నేను తప్పుపట్టను. చూసుకోవలసిన బాధ్యత పైలట్‌ది అన్నప్పుడు, చూసిన చోట పూర్తి జవాబు కనిపించాలన్నదే నా వాదన.

విమానాశ్రయాల దగ్గర ఈ లెక్క మరింత సూక్ష్మంగా ఉంటుంది. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపల ఆకుపచ్చ మండలం ఉండదు. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, అంటే 60 మీటర్ల వరకు, స్వేచ్ఛగా ఎగరవచ్చు, ఆపైన పసుపు. ప్రహరీ నుంచి కొలవాలన్న మాటను చాలామంది గమనించడం లేదు. మధురపూడి విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్ళ కుర్రవాళ్ళు దూరాన్ని రన్‌వే మధ్య నుంచో, టెర్మినల్ గేటు నుంచో, ఇంకొందరు ఏకంగా రోడ్డు మార్గాన కిలోమీటరు రాళ్ళు చూసో లెక్కవేస్తున్నారు. రన్‌వే పొడవే కిలోమీటర్లలో ఉంటుంది కాబట్టి, కొలిచే చోటు మారితే జవాబు మారిపోతుంది. సర్వేలో అయితే మొదటి రాయి తప్పుపడితే ఆ తర్వాత గొలుసు ఎంత జాగ్రత్తగా లాగినా హద్దు తప్పే వస్తుంది. ఇక్కడా అంతే.

ఆ వలయాలు ఎందుకో కూడా మన రైతులకు చెప్పేవారు లేరు. దిగే విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో వస్తుంది. లెక్క కడితే రన్‌వే కొనకు 8 కిలోమీటర్ల దూరంలో అది సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంటుంది, 3 కిలోమీటర్ల దగ్గర సుమారు 150 మీటర్లకు దిగుతుంది. 10 కిలోల పైచిలుకు బరువున్న యంత్రం అదుపు తప్పి పైకి లేస్తే, రన్‌వేకి ఎంత దగ్గరలో ఉంటే అంత ప్రమాదమన్నది ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. ఈ లెక్కను మా ఊరి రచ్చబండ మీద సుద్దముక్కతో గీసి చూపిస్తే, అంతవరకు ‘మా పొలంలో మేం మందు కొట్టుకుంటే విమానాలకేం నష్టం’ అన్న పెద్దమనిషే, ‘అయితే అడిగే కొట్టాలి’ అన్నాడు. కారణం తెలిసిన మనిషికి నియమం బరువనిపించదు. పిచికారీ డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులోనే, అంటే కొబ్బరి చెట్టులో సగం కూడా లేకుండా తిరుగుతుంది. అటువంటి పనికి పసుపు మండలంలో కూడా సీజను మొత్తానికి ఒకేసారి అనుమతి ఇచ్చే ఏర్పాటు గురించి అధికారులు ఆలోచించాలని నా మనవి.

పటంతో ఉన్న అసలు ఇబ్బంది పొలంలో నిలబడినప్పుడు తెలుస్తుంది. మా ఆయకట్టుకు తూర్పు వైపున్న చేలు 8 కిలోమీటర్ల గీతకు అటూ ఇటూ పడ్డాయి. ఎండలో ఫోను తెర మీద ఆకుపచ్చకూ పసుపుకూ తేడా చూపు సరిగా ఉన్నవారికే కష్టం. దగ్గరగా లాగి చూస్తే గీత కనిపిస్తుంది గానీ, ఆ గీత ఏ గట్టు మీదుగా పోతోందో తెలియదు. ఎందుకంటే ఆ పటంలో సర్వే నంబర్లు లేవు, కాలువల పేర్లు లేవు, పుంతలు లేవు. మన రైతుకు తన పొలం అక్షాంశ రేఖాంశాలతో తెలియదు. ‘ఫలానా సర్వే నంబరు, ఫలానా బోదె పక్కన’ అంటే తెలుస్తుంది. పటం పక్కన ఉన్న వివరాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని, వాటి ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సాయం చేయాలని కేంద్రం నిర్ణయించింది. ఆ సంఘాల అక్కచెల్లెళ్ళకు 15 రోజుల శిక్షణ ఇచ్చి, చేతిలో రిమోట్ పెట్టి, హద్దు మాత్రం వారికి రాని భాషలో చూపిస్తే ఎలా?

ఈ లోపాన్ని సరిదిద్దడానికి కావలసిన సామగ్రి మన దగ్గరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో భూముల రీసర్వే ప్రారంభమైంది. ఆ పనిలో నేనూ పాల్గొన్నాను. ఊరి మీద డ్రోన్ ఎగరవేసి తీసిన చిత్రాల ఆధారంగా, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవరుతో హద్దులు సరిచూసి, ప్రతి కమతానికి ఎల్‌పీఎం (భూకమత పటం) నంబరు ఇచ్చాం. ఒకప్పుడు ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) కాగితం మీద గొలుసు కొలతలతో ఉన్న పొలం ఇప్పుడు కంప్యూటరులో సెంటీమీటర్ల తేడాతో ఉంది. ఆ పటం మీద గగనతల మండలాల గీతలను పరిచి, ఎల్‌పీఎం నంబరు కొడితే ‘ఈ కమతం ఆకుపచ్చ, ఎత్తు పరిమితి 60 మీటర్లు’ అని తెలుగులో చూపించడం సాంకేతికంగా పెద్ద పని కాదని నా అనుభవంతో చెప్పగలను. గగనతల పటాన్ని ఇతర సాఫ్ట్‌వేర్లు నేరుగా చదువుకోగలిగేలా రూపొందించాలని నియమావళిలోనే రాసి ఉంది. డ్రోన్లతో పొలాలు కొలిచిన రాష్ట్రం అదే పొలం మీద డ్రోన్ ఎగరవచ్చో లేదో చెప్పలేకపోవడం నన్ను నిజంగా బాధిస్తోంది. భూరికార్డులు కంప్యూటరుకెక్కిన తెలంగాణలోనూ ఈ పని సర్వే నంబర్ల ఆధారంగా మొదలుపెట్టవచ్చు.

ఇక మా పొలంలో జరిగినదానికి అసలు కారణమైన తాత్కాలిక ఆంక్షల సంగతి. అత్యవసరమైతే ఒక ప్రాంతాన్ని తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ పోలీసులకూ నియమావళి ఇచ్చింది. ఆ అధికారం ఉండాలి. వేలమంది చేరే సభ మీద ఎవరిదో తెలియని యంత్రం తిరుగుతుంటే ఊరుకోమని ఎవరూ అనరు. అయితే ఆ అధికారానికి నియమావళి హద్దులు కూడా పెట్టింది. ఒక్కో ప్రకటన 96 గంటలకు మించరాదు. ఎస్పీ స్థాయికి తగ్గని అధికారే దాన్ని ప్రకటించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ప్రకటన డిజిటల్ స్కై వేదిక ద్వారానే చేయాలి, గగనతల పటం మీద ఆ ప్రాంతాన్ని ప్రత్యేకంగా చూపించాలి.

ఈ చివరి షరతు పాటించి ఉంటే ఆ తెల్లవారుజామున మావాడి ఫోనులో మా పొలాలు ఎరుపుగా కనిపించేవి. మందు కలిపేవాడే కాదు. ముందురోజే తెలిస్తే ఆ రాత్రికి కూలీలను మాట్లాడుకొని చేతి స్ప్రేయర్లతోనైనా కొట్టించుకునేవాళ్ళం. పర్యటన భద్రతకూ అదే మేలు, ఎందుకంటే చట్టాన్ని గౌరవించే పైలట్లందరూ తమంతట తామే ఆగిపోతే, ఆ రోజు గాలిలో కనిపించిన ప్రతి డ్రోన్‌నూ పోలీసులు అనుమానించి వెతకవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది వేరు. చాలాచోట్ల ఈ నిషేధాలు భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 163వ సెక్షన్ కింద, అంటే మనకు పాత అలవాటుగా 144 అని తెలిసినదాని కింద, ఒక్కోసారి నెల, రెండు నెలలపాటు జారీ అవుతున్నాయి. ఆ సెక్షన్ కింద జారీచేసే అధికారాన్ని నేను ప్రశ్నించడం లేదు. ఆ ఉత్తర్వు ఒక పత్రికా ప్రకటనగా వాట్సాప్ గ్రూపులకు వెళ్ళి, మరునాడు జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్తగా వచ్చి, గగనతల పటానికి మాత్రం చేరడం లేదు. నియమం చూడమన్న చోట చూసినవాడే దొరికిపోతున్నాడు.

పట్టణాల్లో ఉండేవారి చిక్కు మరో రకం. హైదరాబాదునే తీసుకుంటే శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఇలా నాలుగు వైపులా వైమానిక స్థలాలున్నాయి. కంచన్‌బాగ్ ప్రాంతంలో రక్షణ పరిశోధన సంస్థలున్నాయి. వాటి చుట్టూ వలయాలు గీస్తే నగరంలో ఎక్కువ భాగం ఏదో ఒక వలయంలో పడుతుంది. పసుపు మండలంలో అనుమతి ఇచ్చే అధికారి కూడా ఒకరు కాదు, ఒకచోట విమానాశ్రయాల సంస్థ, ఇంకొకచోట వైమానిక దళం. విశాఖపట్నంలో విమానాశ్రయమే నౌకాదళానిది. అక్కడి సముద్రతీర రోడ్డు అందానికి మురిసి పెళ్ళి ఫొటోగ్రాఫర్లు, విద్యార్థులు డ్రోన్ పైకి లేపుతుంటారు. జమ్మూ వైమానిక స్థావరం మీద 2021 జూన్‌లో డ్రోన్లతో దాడి జరిగిన తర్వాత, నౌకాదళం తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల లోపల డ్రోన్లను నిషేధిస్తూ ప్రకటన చేసింది. ఆ తీరంలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్నదని అందరికీ తెలుసు. 3 కిలోమీటర్లు ఎక్కడ ముగుస్తాయో చెప్పే బోర్డు మాత్రం ఇసుకలో నిలబడిన కుర్రవాడి కంటికి కనిపించేలా ఉండాలి. విమానాల రాకపోకలు సాగే విమానాశ్రయాలకే ఈ వలయాలు వర్తిస్తాయి కాబట్టి, భోగాపురం, వరంగల్ మామునూరు వంటివి పనిచేయడం మొదలుపెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెల రంగు రాత్రికి రాత్రి మారిపోతుంది. ఆ ఊళ్ళ రైతులకు ముందుగా చెప్పవలసింది ఎవరో ఇప్పుడే తేల్చాలి.

పటం రంగుతో సంబంధం లేని నిషేధాలు కూడా ఉన్నాయి. తిరుమల కొండ మీద దేవస్థానం డ్రోన్లను అనుమతించదు. కొండ మీది ఆలయం పట్ల భక్తి ఉన్నవారెవరూ ఆ నియమాన్ని కాదనరు, నేనూ కాదనను. పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాల దగ్గర, పులుల అభయారణ్యాల్లో కూడా సంబంధిత శాఖల అనుమతి కావాలి. ఇవన్నీ న్యాయమైనవే. వీటిని వేర్వేరు శాఖల వేర్వేరు ఉత్తర్వుల్లో వెతుక్కోవలసి రావడమే కష్టం. శ్రీశైలం వెళ్ళే ఒక యాత్రికుడు ఆనకట్ట గురించి ఒకరిని, అడవి గురించి ఇంకొకరిని, దేవాలయం గురించి మరొకరిని అడిగితే తప్ప తన సంచిలోని చిన్న డ్రోన్‌ను అక్కడ తీయవచ్చో లేదో తెలుసుకోలేడు. 250 గ్రాములకు మించని నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు. సొంత సరదాకు అయితే 2 కిలోల వరకు కూడా అక్కరలేదు. దీన్ని విని చాలామంది చిన్న డ్రోన్ ఎక్కడైనా ఎగరవచ్చనుకుంటున్నారు. సర్టిఫికెట్ మినహాయింపు పైలట్ చదువుకు సంబంధించినదే. ఎరుపు మండలం చిన్న డ్రోన్‌కూ ఎరుపే. ఈ తేడా అమ్మే దుకాణంలోనే చెప్పాలి.

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో టెక్సాస్‌లో ఉంటుంది. నిరుడు వెళ్ళినప్పుడు అల్లుడుగారు ఇంటి దగ్గరి పార్కులో డ్రోన్ ఎగరవేసే ముందు ఫోనులో చేసిన పని నేను పక్కన నిలబడి చూశాను. తాను ఎగరవేయబోయే చోటు, ఎత్తు, సమయం నమోదు చేశారు. అది విమానాశ్రయానికి సమీపంలోని నియంత్రిత గగనతలం. అక్కడి పటాన్ని గళ్ళుగా విభజించి, ఏ గడిలో ఎన్ని అడుగుల వరకు అనుమతి ఉందో ముందే అంకెలు వేసి ఉన్నాయి. ఆ పరిమితి లోపలే అడిగారు కాబట్టి నేను కళ్ళజోడు తుడుచుకొని పెట్టుకునేలోపే అనుమతి సందేశం వచ్చేసింది. అక్కడి విమానయాన సంస్థ కొన్ని ఏళ్ళుగా ఈ పద్ధతి నడుపుతోంది. తాత్కాలిక ఆంక్షలు కూడా అదే తెర మీద కనిపిస్తాయి. అక్కడి ఆకాశం మనకంటే ఖాళీగా ఏమీ లేదు. పైలట్‌కు వచ్చిన ఆ సందేశం పోలీసుకు చూపించదగ్గ ఆధారమని నాకు అప్పుడు తోచింది. మన దగ్గర లేనిది అటువంటి ఆధారమే. మా అన్నయ్య కొడుకు తెర ఫొటో తీసుకున్నాడు గానీ, అది ఏ గంటలో తీసినదో, దాన్ని నమ్మాలో వద్దో కానిస్టేబులుకు తెలిసే మార్గం లేదు.

కాబట్టి ఎగరవేసే ముందు పైలట్ తన చోటు నమోదు చేస్తే, ఆ క్షణంలో అమల్లో ఉన్న మండలాలు, తాత్కాలిక ఆంక్షలు అన్నీ చూసి, ‘ఫలానా చోట, ఫలానా సమయం వరకు, ఇంత ఎత్తు వరకు ఆంక్ష లేదు’ అని తేదీ, సమయం, నంబరుతో ఒక చీటీ డిజిటల్ స్కై వేదికే ఇవ్వాలి. ఆ నంబరును ఏ కానిస్టేబులైనా తన ఫోనులో సరిచూసుకోగలగాలి. జిల్లా ఎస్పీ లేదా కమిషనర్ ఉత్తర్వు ఇచ్చిన వెంటనే, పత్రికలకు పంపే ముందే, దాని హద్దులు పటంలోకి ఎక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాల్లో, తెలంగాణలో రైతు వేదికల్లో ఆ గ్రామానికి సంబంధించిన గగనతల మండలాల పటాన్ని సర్వే నంబర్లతో తెలుగులో అచ్చువేసి గోడకు పెట్టాలి. ఎరువుల ధరల పట్టికను గోడకు పెట్టగలిగిన చోట ఇది పెట్టడం కష్టమేమీ కాదు. ఫోను లేని రైతు కూడా అక్కడికి వెళ్ళి వేలు పెట్టి తన పొలం వెతుక్కోగలడు.

ఇలా అంతా బయటపెడితే చెడ్డవాళ్ళకు కూడా తెలిసిపోతుందని ఒక పోలీసు మిత్రుడు నాతో అన్నారు. ఆయన ఆందోళనను తేలిగ్గా తీసుకోను. కానీ శాశ్వత ఎరుపు మండలాలు ఇప్పటికే ఆ పటంలో అందరికీ కనిపిస్తున్నాయి. ప్రముఖుల పర్యటన వివరాలు రెండు రోజుల ముందే పత్రికల్లో వస్తున్నాయి. నిషేధిత ప్రాంతపు గీతను దాచిపెట్టినందువల్ల దాన్ని తెలిసి దాటేవాడు ఆగడు. తెలియక దాటేవాడు మాత్రం దొరుకుతాడు. వాడు సాధారణంగా మావాడిలా పైరు కాపాడుకోవడానికి వచ్చినవాడై ఉంటాడు.

మన రెండు రాష్ట్రాలూ డ్రోన్లను మనసారా కోరుకుంటున్నాయి. 2021లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయత్నం జరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ మునిగినప్పుడు, పడవ వెళ్ళలేని డాబాల మీదికి ఆహార పొట్లాలు, మందులు డ్రోన్లు చేరవేశాయి. ఆ అక్టోబరులో కృష్ణా తీరంలో 5,500 డ్రోన్లు ఒకేసారి ఆకాశంలో బొమ్మలు గీశాయి. ఓర్వకల్లులో డ్రోన్ల కేంద్రం వస్తోంది. కేంద్రం కూడా 2025 సెప్టెంబరులో డ్రోన్ల మీద కొత్త బిల్లు ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. పైలట్ చూసుకోవలసిన బాధ్యతతో పాటు, చూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని ఆ చట్టంలో ఒక వాక్యం చేర్చాలని కోరుతూ నేను శాఖకు విడిగా రాస్తున్నాను. పటంలో లేని తాత్కాలిక నిషేధాన్ని తెలియక దాటిన పైలట్‌కు మొదటిసారి హెచ్చరికతో సరిపెట్టాలని కూడా అందులో కోరుతున్నాను.

మీకు కూడా ఒక విన్నపం ఉంది. డ్రోన్ల నిషేధం గురించి పోలీసుల ప్రకటన మీకు వచ్చినప్పుడు, దయచేసి ఉత్తర్వు ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ గ్రామాలకు వర్తిస్తుందో అడిగి, ఆ వివరాలతో సహా అచ్చువేయండి. మా జిల్లాలో ఖరీఫ్ నాట్లు ముగుస్తున్నాయి. ఇంకో నెల రోజుల్లో పైరు దుబ్బు కట్టి పిచికారీలు మొదలవుతాయి. మావాడు ఇప్పుడు రోజూ ఉదయం ముందు గగనతల పటం చూసి, ఆ తర్వాత మీ జిల్లా పేజీ మొదటి వరుస నుంచి చివరి వరుస వరకు చదివి, అప్పుడు గానీ డ్రమ్ములో మందు కలపడం లేదు.

ఇట్లు,
విశ్రాంత మండల సర్వేయరు,
తూర్పు గోదావరి జిల్లా